డ్యామేజీ మాలు

హమ్రియా గోదాంల పెట్టె పలిగితే
ఇగ దానికి లెక్క ఉండదు.
సూపర్‌వైజర్ కాయితం మీద గీత కొడ్తడు,
మేం చేతులు చాపుతం.
ఒకసారి షాంపూలు, ఒకసారి పిల్లల పాలపిండి,
పోయినేడు రంజాన్ ముంగట
శాపనూనె గోలీలు.

ఎండకు పట్టి సూస్తే పసుపుపచ్చగ,
లోపట చిన్న దీపం ముట్టించినట్టు.
డబ్బా మీద ఎర్ర గుండె బొమ్మ.
అరబ్బీ రాదు, ఇంగ్లీషు సగమే వచ్చు,
బొమ్మ మాత్రం మంచిగ సదివిన.

మా నాయిన సిరిసిల్లల సాంచెల షెడ్డుల
కండె మార్చుకుంట మార్చుకుంట ఒరిగిండు,
నలభై ఆరేండ్లకు.
నాకు మొన్న శ్రావణంల నలభై ఐదు నిండినయి.
అందుకే పొద్దుగాల రెండు, మాపటికి రెండు,
డ్యూటీ డబల్ పడిన్నాడు ఆరు.
పైసలు పెట్టనిది ఎంత తింటే ఏంది?
సముద్రం సూడని ఊరోన్ని,
సముద్రాన్ని గోలీలెక్క మింగిన.
తేన్పొస్తే శాప వాసన.
సజ్జా క్యాంపుల పన్నెండు మంచాల రూముల
అందరు నా దిక్కు వీపు పెట్టి పండేది.

సాంచె కాడ పెరిగినోనికి చెవి వేరే ఉంటది.
ముప్పై సాంచెలు ఒక్కపారే కొట్టుకుంటున్నా
ఏడో దాంట్ల నాడె తడవడితే
నిద్రల గూడ లేచి కూసుంటం.
గట్లనే లేచిన ఆ రాత్రి.
టక టక, టక,
ఉండి ఉండి టకటకటక,
మళ్ళ ఏం లేదు.
ఏసీ అనుకున్న. కింద మంచపోని ఫోన్ అనుకున్న.
మెడ కింద వేలు పెట్టి సూసుకుంటే
పోగు తెగింది నాలోపటనే.

ఎవలకు చెప్తం?
వీసా రెన్యూవల్ ఇరవై రోజులల్ల ఉంది.
అన్‌ఫిట్ అనే మాటకు మా కాడ తెలుగు లేదు,
వాపస్ టికెట్ ఉంటది, అంతే.

శుక్రవారం క్లినిక్‌కు పోయిన.
ఛాతి మీద సల్లటి జిగురు, తీగలు.
మిషన్ల నుంచి కాయితం జారుకుంట వచ్చింది,
పనిరానోడు నేసిన బట్టలెక్క
గీత గీతకు ఎడం వేరే.
నా పేరు గూడ తప్పే కొట్టింది: లక్ష్మి రాజన్.
మలయాళం నర్సు లిస్సమ్మ హిందీల చెప్పింది,
గుండెల పై అర్ర వణుకుతున్నదట,
కొట్టుకుంటలేదట.

ఏమేం మింగుతున్నవ్ అని అడిగింది డాక్టరమ్మ.
డబ్బా తీసి బల్ల మీద పెట్టిన,
ఇనాం దొరికిందని సూపెట్టినట్టు.
ఆమె ఆ ఎర్ర బొమ్మ దిక్కు సూసి
చానసేపు ఏమన్లే.
“దీంతోనే అని ఒట్టు పెట్టలేను.
ఎక్కువెక్కువ మింగినోళ్లల్ల కొందరికి
గిట్ల లయ తప్పుతదని సూసిన్రు.
మీ నాయిన రక్తం కావచ్చు, నైట్ డ్యూటీలు కావచ్చు.
ముందైతే ఇది బంద్ చెయ్యి.”

రక్తం గడ్డ కట్టకుండ వేరే గోలీలు రాసింది.
వనజ ఎన్ని వేల బీడీలు చుడితే
అవి నెలకు సరిపోతయో
లెక్క గట్టుకుంట బస్సెక్కిన.
లెక్కల మాత్రం ఒక్క దెబ్బ తప్పలే.

దానేసుకు ఒక్కనికే చెప్పిన.
కళింగపట్నమోడు, వలల మీద పుట్టినోడు.
పకపక నవ్విండు.
“సాపనూని మేం తాగం మావా,
పడవ సెక్కకి రాత్తాం, ఉప్పుకి పగలకుండా.
నువ్వు పడవవా ఏటి?”
నవ్వుకుంటనే నా ఛాతి మీద చెవి పెట్టిండు.
చెవి తియ్యలే. నవ్వు ఆగింది.

మొన్న ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ము తగిలి
ఇంకో పెట్టె పలిగింది, అదే మాలు.
బిహారు పిలగాడు, ఇర్వై నిండలే,
బొమ్మ సూపెట్టి “అచ్ఛా హై క్యా, చాచా?” అన్నడు.
సూపర్‌వైజర్ పక్కనే ఉన్నడు.
డాక్టర్‌ను అడుగు అన్న, మెల్లగ.
వానికి డాక్టరెక్కడ?

నా డబ్బా దానేసుకే ఇచ్చిన.
ఆ రాత్రి సూదితోని ఒక్కొక్క గోలీ పొడిచి
మా రెండంతస్తుల మంచం బోల్టులకు పట్టించిండు.
మూడేండ్ల సంది కిర్రుమనే మంచం
నోరు మూసుకున్నది.

ఇప్పుడు అటు తిరిగినా ఇటు తిరిగినా
సప్పుడు లేదు.
నాదొక్కటే
సాఫుగ వినవడ్తంది.