పుల్లర్ లేని ఆదివారం

మిల్డూరాలో ఆదివారం మధ్యాహ్నం.
స్పేర్ పార్టుల షాపు తలుపు మీద పలక
వీధికి వీపు తిప్పి నిద్రపోతోంది.
నలభై మూడు డిగ్రీలు.
కార్పోర్ట్ రేకు టిక్కుటిక్కుమంటోంది,
పైన ఎవరో పేలాలు వేయిస్తున్నట్టు.

హైలక్స్ కింద వెల్లకిలా నేను.
గేర్‌బాక్స్ దింపేశాను.
పాత దుప్పటి మీద అది
ఈని అలసిన గేదెలా పడుకుంది.
క్లచ్ ప్లేటు విప్పేశాను.
మిగిలింది ఒక్క పైలట్ బేరింగ్,
బొటనవేలంత కంతలో
తీరని బాకీలా కూర్చుంది.
నెలరోజులుగా క్లచ్ తొక్కినప్పుడల్లా
కీచుమన్న గొంతు దానిదే.

దాన్ని లాగడానికి పుల్లర్ అని ఒకటుంటుంది.
అది నా దగ్గర లేదు.
ఉన్నవాడు అడిలైడ్ పోయాడు,
నాలుగొందల కిలోమీటర్లు, పుల్లర్‌తో సహా.
రేపు తెల్లారి నాలుగింటికి
నేను ద్రాక్షతోటలో ఉండాలి.

స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తాను. మొన విరిగింది.
బట్టల హ్యాంగర్ తీగని కొక్కెంలా వంచాను,
ఒక్క గుంజుకి అది
నాకే దండం పెట్టి నిటారైపోయింది.
"టార్చి నా మొహమ్మీద కాదే, కంత మీద"
అన్నాను నైరుతితో. దానికి పదేళ్లు.
వెలుగు జరపకుండానే అంది:
"అమ్మా, నీ చెవిలో గ్రీజుంది."

కంచెకి అటుపక్క రొక్కో తాత
టమాటాలకి నీళ్లు పెడుతూ
నా తిట్లన్నీ వింటున్నాడని తెలుసు.
అర్థం కాకపోయినా తిట్లని పోల్చుకోవచ్చు.
చివరికి నీళ్లు కట్టేసి ఒకే మాటన్నాడు:
"రొట్టె."
ఆకలేసిందేమో పాపం అనుకున్నా.
కాదట. కంత నిండా తడి రొట్టె కూరి,
బిగుతుగా పట్టే బోల్టు పెట్టి సుత్తితో కొడితే
వెనక్కి పోయే దారిలేక రొట్టె
బేరింగ్‌ని వీపున మోసుకుని
బయటికొస్తుందట.

ఇంట్లో రొట్టె లేదు.
ఉన్నది రాత్రి వండిన అన్నం,
ఫ్రిజ్‌లో, స్టీలు గిన్నెలో, గడ్డకట్టి.

గిన్నె పట్టుకుని కాసేపు ఎండలో నిలబడ్డాను.
పొరపాటున మెతుకు తొక్కితే
తీసి కళ్లకద్దుకునే చేతులివి.
కంచంలో వదిలేస్తే తప్పుగానీ
పనిలో పెడితే కాదని
మా నాయనమ్మ అనేదేమో.
అనేది కాదు. తిట్టేది.
ఆ తిట్టు కూడా తిని మొదలుపెట్టాను.

నీళ్లు చిలకరించి పిసికాను,
పిల్లకి ముద్దలు కలిపినట్టే.
ఒక ముద్ద కంతలోకి.
బోల్టుకి టేపు మూడు చుట్లు,
చాలదు, ఇంకో చుట్టు.
కొట్టాను.
గంజి ఎగిరి కనుబొమ్మ మీద పడింది.
ఇంకో ముద్ద. కొట్టాను.
ఏమీ కాలేదు.
రొక్కో తాత కంచె మీద గడ్డం ఆనించి
"ఇంకా" అన్నాడు,
మారు వడ్డించమనే పెళ్లివారిలా.

ఐదో ముద్దకి చప్పుడు మారింది.
దబ్బుమనేది ఠంగుమంది.
టార్చి తనంతట తనే కంత మీదికొచ్చింది.
ఏడో ముద్దకి
అంచు వెంట్రుకంత జరిగింది.
తొమ్మిదో ముద్దకి, ఇంకేముంది,
బోల్టు వేలికి ఉంగరంలా తొడుక్కుని
నా చేతిలోకి వచ్చేసింది,
నల్లటి ఒంటి నిండా తెల్లటి మెతుకులతో.

నైరుతి పెట్టిన కేకకి
చెట్టు మీది గలాలు గుంపుగా లేచాయి.
రొక్కో తాత మాత్రం ఏమీ అనలేదు,
మళ్లీ నీళ్లు విప్పుకున్నాడు.

పెన్ను మూతతో కంత గోకి శుభ్రం చేశాను.
గిన్నెలో నాలుగు ముద్దలు మిగిలాయి.
మూడుసార్లు కడిగినా
చేతులకి గ్రీజు వాసన పోలేదు.
మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ
మెట్ల మీద కూర్చుని ఇద్దరం తిన్నాం.

కొత్త బేరింగ్ ఇంకా ఎక్కించాలి.
అంచుకి సరిగ్గా ఆనే గొట్టం ఏదో కావాలి,
కొట్టినా బేరింగ్ వంకర పోకుండా.
అదీ నా దగ్గర లేదు.

నైరుతి చెయ్యి కడుక్కోవడానికి లోపలికెళ్లింది.
వంటింట్లో సొరుగులు
ఒక్కొక్కటే తెరుచుకుంటున్న చప్పుడు.