మూల తాడు

పొగిరి రోడ్డులో, గోగునార ఎండేసే కళ్ళం పక్కన
సున్నంతో గీసిన ఇల్లు.
ఇంకా గోడల్లేవు, తాళ్ళే.
నాలుగు మూలలకి నాలుగు మేకులు,
వేసవి సెలవుల్లో అయిదో మేకు నేను.

"కదలకే గుంటా" అనేవాడు నాన్న
అవతలి మూల నుంచి.
బోనెల దాలయ్య మేస్త్రి కొలత చూస్తున్నాడంటే
రాజాం బస్సు కూడా హారన్ కొట్టకూడదు.

పొడుగు పద్దెనిమిది, అవతలి పొడుగూ పద్దెనిమిదే.
అడ్డం పదకొండు, ఇవతలా పదకొండు.
సరిపోయింది కదా అని తాడొదిలేస్తే నవ్వేడు.
"పక్కలు కుదిరితే ఏటయ్యింది?
నులకమంచం పక్కలూ కుదుర్తాయి,
మీ తాత కూకుంటే ఎటు ఒరిగిందో సూసినావా?"

అప్పుడు మూల తాడు.
ఈశాన్యం నుంచి నైరుతికి ఒకసారి,
ఆగ్నేయం నుంచి వాయవ్యానికి ఒకసారి.
తాడు మీద ముడి, ముడి మీద నా బొటనవేలు.
రెండోసారి నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది.
నా కంటికి తిన్నగానే ఉన్న ఇల్లు
ఆ నాలుగు వేళ్ళ మేర
పక్కకి ఒరిగి పడుకునుంది.

స్థలమే వంకర.
రోడ్డు వైపు ముప్పై, వెనక ఇరవై మూడు.
ఆ చీలిక కూడా గదిలో కలిపీమన్నాడు ఆసామి తవిటినాయుడు.
నాన్న బీడీ ఆర్పి,
"నేల వంకర నేలది బాబూ, గది వంకర నాది" అన్నాడు.
చీలికలో ఇప్పుడు గోంగూర.

జులైలో ఎనిమిదో తరగతి.
సన్యాసిరావు మాస్టారు నల్లబల్ల మీద రాసేరు:
సమాంతర చతుర్భుజంలో కర్ణాలు సమానమైతే
అది దీర్ఘచతురస్రం.
కర్ణమంటే చెవి అని తెలుగు మేడమ్,
కరణమంటే భూమి కొలిచేవాడని నాన్నమ్మ.
నాకు మాత్రం బొటనవేలి కింద
ముడి కదిలింది.
"నిరూపించండి" అన్నారు.
లేచి, "మేకు జరపాలండి" అన్నాను.
క్లాసంతా నవ్వింది.
మాస్టారు నవ్వలేదు.
"ఎటు?" అని అడిగేరు.

ఆ రాత్రి ఇటుక ముక్కతో నేల మీద గీసి
నాన్న చెప్పేడు:
"పొడుగు మూలని లోనికి తొయ్యి.
పొట్టిది దానికదే పెరుగుతాది."

కార్తీకంలో గాలివానొచ్చింది.
మాది తాటాకు పాక, నాలుగు గుంజలు,
నాన్న ఎప్పుడూ మూల తాడు పట్టని ఇల్లు.
తెల్లారేసరికి నిలబడే ఉంది, ఒరిగి.
గుంజల పొడవు తగ్గలేదు, దూలం పొడవు తగ్గలేదు,
ఎదురెదురు పక్కలు ఇంకా సమాంతరమే.
వాటి మధ్య మేమున్న చోటే తగ్గింది.
అమ్మ నిలబడితే తల తగిలింది.

అందరం భుజాలేసి నెట్టేం.
నాన్న కింది మూల నుంచి పై మూలకి
ఒక వెదురు ఏటవాలుగా వేసి
కొబ్బరితాడు ఏడు చుట్లు చుట్టేడు.
చేత్తో ఊపి చూసేడు.
కదల్లేదు.

వేరే చోటు కుదరక
సరిగ్గా గుమ్మం మీదే పడింది ఆ వెదురు.
ఇప్పటికీ మా ఇంటికొచ్చేవాళ్ళు
కర్ణం కింద వంగి లోపలికొస్తారు.