ఇరవయ్యో రాడ్డు

మర్రిగూడ అవతల, బత్తాయి ఎండిన చెలకల
బోరుబండి మొత్తుకుంటున్నది.
రాడ్డుకు ఇరవై అడుగులు, అడుగుకు ఇంతని లెక్క.
భాష రాదు గనుక సెల్వం వేళ్లు చూపిస్తడు.

నా జేబుల నవనీత మరిచిపోయిన స్పిన్నర్:
మూడు రెక్కలు, నడుమ బేరింగు,
జాతరల నలభైకి కొన్న ఆకుపచ్చ ప్లాస్టిక్.
"పరీక్షప్పుడు తిప్పితే గుండెదడ తగ్గుతది నాయినా"
అన్నది. నవ్విన.

పదకొండో రాడ్డు. దుమ్ము.
పద్నాలుగు. తెల్ల దుమ్ము.
బొటనవేలు తనంతట తానే రెక్కను తన్నింది.

పొద్దుగాల అరచేతిల టెంకాయ లేచి నిలబడ్డది,
"ఇక్కడనే" అన్నడు పిట్టల ఐలయ్య.
వాని టెంకాయ కంటె ఇది నయం,
నీళ్లున్నయని చెప్పదు.

తిరుగుతున్నంత సేపు
అప్పిచ్చినోని మొఖం యాదికి రాలేదు.
ఆగంగనే వచ్చింది.
మళ్ల తిప్పిన.

పదిహేడా, పద్దెనిమిదా?
మూడేండ్లల లెక్క తప్పుడు ఇదే మొదలు.

ఇరవయ్యో రాడ్డు కాడ ఇంజను ఆపి
సెల్వం నా దిక్కు చెయ్యి చాపిండు.
పైసలకనుకున్న.
కాదు, బొమ్మకు.
ఒక్కసారి తిప్పి
చెవి కాడ పెట్టుకొని విన్నడు.