మంచు అనుకోండి

సెమిలిగుడ దాటాక, పొట్టంగి రోడ్డు పక్కన,
వలిసెలు కోసేసిన ఏటవాలు చేలో
ఐదుగుర్ని ఒక్క తాడుకి కట్టి నిలబెట్టాను.
"ఇదంతా మంచు అనుకోండి."

అనుకున్నారు.
రాయగడ పళ్ళ డాక్టరమ్మ మోకాళ్ళు వంచి
కాళ్ళ కింద లేని స్కీల మీద బరువు మార్చుకుంది.
బరంపురం బ్యాంకు పాత్రో గారు
ఎండకి మెడ తుడుచుకుంటూ
"ఎంత మంచు, కూర్మారావ్?" అన్నారు.

ఎంత అని కాదండీ. ఏ మంచు అని అడగాలి.

మనకి అన్నిటికీ ఒకటే మాట.
తెల్లారి చోడి మోళ్ళ మీద మెరిసేదీ మంచే,
ఘాట్లో బస్సుకి దారి కనపడనీయనిదీ మంచే,
పుష్యమాసంలో ఒక్క రాత్రికి ఇక్కడి గడ్డిని మాడ్చేదీ మంచే.
అక్కడ నాకా ఒక్క మాటా చాల్లేదు.
పదకొండేళ్ళు మూటలు మోసి, వంటలు చేసి,
తాడుకి ముందు కొసన నిలబడేలోపు
మాటలు నేనే కుట్టుకున్నాను.
అడుగేస్తే గుసగుసలాడేది పిండి మంచు.
మధ్యాహ్నానికి చద్దన్నంలా చెమర్చేది కుళ్ళు మంచు.
గాలి రుద్ది రుద్ది అప్పడం చేసింది పెంకు మంచు,
అది విరిగే ముందు
కథ వింటున్న పిల్లాడిలా ఒక్కసారి ఊఁ కొడుతుంది.
ఆ ఊఁ విన్నవాడు కథ ఆపేయాలి.

పగుళ్ళ సంగతి చెప్పడం ఇంకా కష్టం.
అది నదేనండీ. గడ్డకట్టి కొండ దిగుతున్న నది.
వంపు తిరిగే చోట దాని ఒళ్ళు పగులుతుంది,
పగులు మీద కొత్త మంచు దుప్పటి కప్పుతుంది,
మనం దుప్పటి మీద నడుస్తాం.
అందుకీ తాడు. బిగించొద్దు, జారవిడవొద్దు.
నేలని ఇలా, గీసీ గీయనట్టు.

కుందులి సంతకి పోతున్న ఆడవాళ్ళు ఆగారు.
అల్లం బుట్ట దించకుండానే ఒక ముసలామె
దేశియాలో అడిగింది:
"ఏం తప్పు చేశారని కట్టేశావు వీళ్ళని?"
"కనపడని గోతులుంటాయమ్మా. ఒకరు పడితే
మిగతావాళ్ళు లాగాలని."
"ముందెవరు పడతారు?"
"ముందు నడిచేవాడు."
"అంటే నువ్వే."
అంది, బుట్ట సర్దుకుంది,
"అయితే బాగానే ఉంది" అని వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాక పెట్టె దాచాను.
అరచేతంత పెట్టె, ఛాతీకి కట్టుకునేది,
మంచు విరిగి మీద పడ్డప్పుడు
మనిషి బదులు తను కూసేది.
చోడి గడ్డి కుప్పలో మోచేతి లోతున పాతి
"లోపల మనిషున్నాడు. పదిహేను నిమిషాల ఊపిరి. వెతకండి."
పాత్రో గారు ఎడమకి పరిగెత్తారు,
చేతిలో బాణం గుర్తు కుడికి రమ్మంది.
డాక్టరమ్మ కర్ర గుచ్చుతోంది, తీస్తోంది, గుచ్చుతోంది.
ఏడు నిమిషాలు.
తొమ్మిది.
గట్టు మీద మేకలు కాస్తున్న బుద్రా
చూసి చూసి విసిగి, కిందికి దిగి,
కుప్ప వెనక్కెళ్ళి, చెయ్యి పెట్టి, పెట్టె లాగాడు.
"ఎలా తెలిసిందిరా?"
"మిగతా గడ్డి పడుకునుంది.
ఇక్కడిది లేచుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రిగ్జిన్ మీది మంచు కూడా
ఎక్కడో ఒకచోట అలా లేచే ఉందేమో.
ఆ రోజు నేను పెట్టె వైపే చూస్తున్నాను.
అంకెలు తగ్గుతున్నాయి, పెరుగుతున్నాయి, తగ్గుతున్నాయి.
దొరికాడు.
ఇరవై రెండో నిమిషంలో.
వాడి కనురెప్పల మీద ఉన్నదానికి మాత్రం
నేనింకా పేరు కుట్టలేదు.

పొద్దు వాలింది. తాడు చుట్ట చుడుతున్నాను.
మార్చి మొదటి వారమా, రెండో వారమా అని డాక్టరమ్మ,
సెలవు చీటీ ఎప్పుడు పెట్టాలో అని పాత్రో గారు.
మేకలు వాటంతటవే ఊరి దారి పట్టాయి.
బుద్రా పోలేదు.
నా వెనకే తిరుగుతూ అడుగుతున్నాడు,
రేపు ఎక్కడ దాస్తావని.