పెందుర్తి మేకు

బల్లలు నలభై అడిగితే ఇరవై ఆరు పంపారు.
తవిటినాయుడు వాటిని రెండు ఆటోల్లో కట్టుకొచ్చి
వానకి తడిసిన చొక్కా పిండుకుంటూ
"శ్రావణం కదా మేడమ్, మిగతావి పెళ్ళికెళ్ళాయట" అన్నాడు.
పద్నాలుగు ప్రాజెక్టులు నేలమీదే పరిచాం.
కంచరపాలెం బడి హాల్లో పనిచేసే ప్లగ్గు ఒక్కటే.
ఒక కుర్రాడి వరద హెచ్చరిక గంట మోగాలంటే
ఇంకో పిల్ల కోడిగుడ్లు పొదిగే పెట్టె చల్లారాలి.
ఎవరికి ఎన్ని నిమిషాల కరెంటో
చీటీ రాసి గోడకంటించాను.
ఎనిమిదేళ్ళుగా నన్ను కన్వీనర్ అంటున్నారు,
చేసేది ఇదే.

నూకరత్నం చార్టు మూలన, కిటికీ కింద.
జాలరిపేట పిల్ల, తొమ్మిదో తరగతి.
నాన్న పడవ ఇంజను తుప్పుకి ఏటా ఎంత పోతోందో
ఇంట్లో అప్పుల పుస్తకంలో చూసి
మే నెల ఎండలో నన్ను వెతుక్కుంటూ వచ్చింది.
"సముద్రం ఎంత దూరం కొరుకుద్ది మేడమ్?"

పూర్ణా మార్కెట్లో ఒకే పొట్లంలోంచి ఆరు మేకులు.
ఎండుచేపల దండెం పక్కన మొదటిది,
పెందుర్తిలో తవిటినాయుడి చిన్నమ్మ డాబా మీద ఆఖరుది,
నడుమ నాలుగు, ఎవరెవరి పిట్టగోడలకో,
దారంతో వేలాడుతూ.
కురుపాం మార్కెట్లో లక్కోజు అప్పలాచారి
బంగారం తూచే త్రాసులో ఇనుము తూచిపెట్టాడు.
మొదటివారం "నా త్రాసుకి మైల" అని గొణిగాడు.
తుప్పు పట్టిన మేకు తరగక, బరువెక్కిందని చూశాక
తనే ఫోను చేసేవాడు, "ఈ ఆదివారం రాలేదేం?"
గాలి తిని ఒళ్ళుచేసే లోహం
తన వృత్తిలో ఎన్నడూ తగల్లేదట.

అంకెలు మెట్లు దిగినట్టు దిగాయి.
జాలరిపేట, మద్దిలపాలెం, మర్రిపాలెం, గోపాలపట్నం...
ఆఖరి మెట్టు మీద పెందుర్తి మేకు
ఇసుక ఒడ్డు మేకుని మించి తూగింది.

రాత్రి చార్టు గీసేముందు నేనే అన్నాను,
"అది వదిలేయ్. దారం తెగి పోయిందని చెప్పు.
ఐదు చాలు."
చాలా మామూలుగా అన్నాను,
సున్నం తక్కువైందేమో చూడమన్నట్టు.
ఉక్కు ల్యాబులో ఇరవై రెండేళ్ళు చేసినదాన్ని.
ఒకానొక నైట్ షిఫ్టులో ఒక అంకెని
గీతకి ఇవతలికి జరిపినదాన్ని.
ఏదీ కూలలేదు. ఎవరూ అడగలేదు.
ఆ అంకె మాత్రం ఇప్పటికీ నోటికొచ్చు.

పిల్ల ఏమీ అనలేదు.
పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది.

పొద్దున చార్టు మీద ఆరు పట్టీలూ ఉన్నాయి.
ఆరోది ఎర్ర క్రేయానుతో,
కింద "కారణం తెలియదు" అని,
మిగతా అక్షరాలంత పెద్దగానే.

మార్కులేసే లెక్చరరు కళ్ళద్దాలు తుడుచుకుని నవ్వాడు.
"పెందుర్తిలో సముద్రముందా అమ్మా?"
"లేదండి. ఎల్లి చూడాల."
ఆయన కాగితం మీద ఏదో కొట్టేసి పక్కకి జరిగాడు.
బహుమతి కోడిగుడ్ల పెట్టెకి వచ్చింది.
రావలసిందే, కరెంటు చీటీని ఖాతరు చేయకుండా
మధ్యాహ్నం అందరి ముందూ ఒక పిల్ల
పెంకు పగలగొట్టుకొచ్చింది మరి.

ఆదివారం ముగ్గురం పెందుర్తి బస్సెక్కాం.
డాబా మీద చిన్నమ్మ మమ్మల్ని మార్చిమార్చి చూసి
"తీగ ఖాళీగానే ఉంది కదాని
మాగాయ ఊట పిండిన గుడ్డ
దాని మీదే ఆరేసేదాన్ని" అంది.
"తప్పు చేశానేటి?"
నూకరత్నం ఆ గుడ్డ అడిగి తీసుకుంది.
ఒక మూల నాలుక్కి ఆనించి, కళ్ళు చికిలించి,
"ఇక్కడికీ వచ్చేసింది" అంది.
ఏది వచ్చిందో చెప్పలేదు.
చిన్నమ్మ సీసాడు మాగాయ కట్టిచ్చింది.

తిరుగు బస్సులో, గోపాలపట్నం దాటాక,
ఎందుకో నా అంకె సంగతి చెప్పాను.
కిటికీలోంచి జల్లు కొడుతోంది.
తవిటినాయుడు నిద్రపోతున్నాడు.
పిల్ల అంతా విని నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పింది.
"ఏ తేదీ మేడమ్?"
పెన్సిలు చెక్కే ఉంది.