తొమ్మిది మాటలు

తెల్లపెట్టె బిగించడానికి టెక్కలి నుంచి ఒక కుర్రోడొచ్చాడు.
చెప్పులు విప్పి మరీ పడవెక్కాడు,
అదొక్కటే నచ్చింది మా అత్తకి.
"ఇందులో తొమ్మిది మాటలున్నాయప్పా,
నొక్కితే ఆకాశంలోకెళ్ళి నీ ఫోన్లో దిగుతాయి" అన్నాడు.

తొమ్మిదే.
వల నిండింది. వల తెగింది. నూనె చాలదు.
తుఫాను కనిపిస్తోంది. ఇంజిన్ ఆగింది...
పెళ్ళయిన నాలుగేళ్ళలో మా దానేసు
నాతో ఆడినవి అంతకంటే ఎక్కువేం కావు.

మాట్లాడ్డం రానివాడికి మీట దొరికింది.

ఒక రాత్రి భావనపాడుకి ఇరవై మైళ్ళ అవతల్నుంచి
'వల నిండింది' అని వచ్చింది.
తెల్లారి చూస్తే పడవ అడుగున
గంపెడు కవళ్ళు కూడా లేవు.
"ఏటిదీ?" అంటే చెవి గోక్కున్నాడు.
"రాత్రి సెందురుడు బాగున్నాడు.
దానికి పెట్టెలో మాట నేదు.
దగ్గిరగా ఉన్నది నొక్కీసినాను."

అప్పట్నుంచి ఆ మాటల్ని అద్దెకి తెచ్చుకున్నాం.
నూనె చాలదు అంటే, నీ చేతి పులుసు గుర్తొచ్చింది.
వల తెగింది అంటే, మొన్న అన్నది మనసులో పెట్టుకోకు.
ఇంజిన్ ఆగింది అంటే, నిద్ర పట్టడం లేదు.
పైన కదలకుండా నిలబడ్డ ఇనప చుక్కకి
మా గుట్టు తెలీదు.
మోసింది మోసినట్టే దింపేది.

నౌపడ మడుల్లో ఉప్పు పోగుచేస్తుంటే
నడుముకి కట్టిన ఫోను ఉలిక్కిపడేది.
తడిచెయ్యి చీరకి తుడుచుకుని, చదివి, నవ్వేదాన్ని.
"ఏటే, ఉప్పుకి సక్కిలిగింతలా?"
అనేది పక్కమడి పారమ్మ.

మాఘమాసం. మబ్బుతునక లేని మిట్టమధ్యాహ్నం.
ఇంజిన్ ఆగింది.
పట్టపగలు నిద్రేంటి వీడికి, అని నవ్వాను.
మళ్ళీ ఇంజిన్ ఆగింది.
పోకిరి, అనుకున్నాను.
మూడోసారీ అదే మాట.
అప్పుడు చూశాను, దాని కింద అంకెల్ని.
ఎప్పుడూ ఉండేవే, ఎప్పుడూ చూడనివి.
మాట ఒక్కచోటే నిలబడి ఉంది,
అంకెలు ఒడిశా వైపు నడిచిపోతున్నాయి.

పార అక్కడే పడేసి
గట్టు మీద పరిగెడుతూ విశాఖకి ఫోన్ చేశాను.
అవతల ఎవరో ఆడమనిషి, నిదానంగా,
"ఎంతసేపయిందమ్మా?" అంది.
ఇరవై ఐదు నిమిషాలు.
అందులో ఇరవై నవ్వుకున్నానని చెప్పలేదు.

మర్నాడు ఇంకో పడవ తాడుకట్టి లాక్కొచ్చింది.
నలుగురూ దిగారు, పెదాలు పగిలి.
వాడు ఆఖర్న దిగాడు.
"నవ్వినావా?"
"నవ్వాను."
"అనుకున్నాను. అందికే మూడుమాట్లు నొక్కినాను."

ఆ రాత్రి గుమ్మంలో కూర్చుని లెక్క తేల్చుకున్నాం.
ఇంజిన్ మాట ఇంజిన్‌కి ఇచ్చేశాం.
తుఫాను మాట మేమెప్పుడూ ముట్టుకోలేదు.
ఇక నిద్రకి ఏ మాటా మిగల్లేదు.
"మరి నిద్ర పట్టకపోతే?" అన్నాను.
చాలాసేపు కెరటాల వైపు చూశాడు.

"వొచ్చి సెప్తాను."