తరుగు

ఆటోనగర్ నాలుగో క్రాసులో
మా కాటా మీదికి నిన్నొక కొంగ వచ్చింది.

మెడ, లారీ సైలెన్సరు.
రెక్కలు కమాను పట్టీలు, ఒక్కోటీ ఒక్కో బండిది.
కన్ను బేరింగు. ఇంకా తిరుగుతోంది.

గుర్తుపట్టాను.
ఆరేళ్ల కిందట ఆ సైలెన్సరు నేనే అమ్మాను
వెల్డర్ మౌలాలికి, కిలో పద్దెనిమిది.
"దేనికిరా?" అంటే
"దీంట్లో మెడ ఉంది మావా" అన్నాడు.
నాకు మసే కనబడింది.

దాన్ని బందరు కాలవ గట్టున నిలబెట్టారు.
మౌలాలికి శాలువా కప్పారు.
తర్వాత వాడు మళ్లీ గేట్లే చేసుకున్నాడు.
కొత్త జంటలు దాని కాళ్ల దగ్గర ఫొటోలు దిగేవాళ్లు.
నిజం కొంగలు కూడా వచ్చి వాలేవి,
తేడా తెలియకో, తెలిసినా పర్లేదనో.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు.
కాంట్రాక్టరు మనిషి "తుక్కేగా, తూచు" అన్నాడు.

నూట నలభై రెండు కిలోలు.
తుప్పుకీ మట్టికీ మూడు తరుగు తీశాను, అలవాటు.
రెక్క సందులో పిచ్చుక గూడు ఉంటే
తీసి పక్కన పెట్టి మళ్లీ తూచాను.
ముల్లు కదల్లేదు.

డబ్బులు తీసుకుని అతను వెళ్లాక
కుర్రాడు గ్యాస్ కట్టర్ వెలిగించి అడిగాడు:
"మెడ దగ్గర మొదలెట్టనా, కాళ్ల దగ్గరా?"

టీ తాగొచ్చి చెప్తానన్నాను.
ఇది మూడో టీ.